ఎడమ చెయ్యి, గురువారం

వారానికి రెండుసార్లు ఆమె చెయ్యి నా ముందుకొస్తుంది.
మంగళవారం కుడి. గురువారం ఎడమ.
ట్రీనా కొవాచ్, ఇరవై ఆరేళ్ళు, ఏడో నంబరు కుర్చీ.
యంగ్స్‌టౌన్‌లో మూతపడ్డ కిరాణా కొట్టును
ప్లాస్మా సెంటర్ చేశారు.
పాలడబ్బాలుండే ఫ్రిజ్‌లలో ఇప్పుడు
మనుషుల నెత్తుట్లోంచి వడకట్టిన నీళ్ళు,
ఎండుగడ్డి రంగు సీసాలు, వరసగా.

నెత్తురు ధారపోసి చదువుకున్నారని
ఎవరెవరి గురించో గొప్పగా చెప్తారు.
ఇక్కడ దానికి రేటుంది, రశీదుంది.
ఒక సీసాకి యాభై డాలర్లు.
మెడికల్ కాలేజీకి ఒక దరఖాస్తు నలభై ఏడు.
మిగిలిన మూడుతో బస్సెక్కుతుంది.

"ఈరోజు ఏ ఊరు?" అంటాను, సూది గుచ్చుతూ.
"టొలీడో" అంటుంది.
ఇంకో వారం డేటన్, ఇంకో వారం
నేనెప్పుడూ వినని ఊరు.
పన్నెండు సీసాలు పోయాయి.
తొమ్మిదింటి నుంచి జవాబొచ్చింది,
అన్నీ ఒకే మర్యాదతో.

రెండు పాయింట్ ఏడు.
తన జీపీఏని జ్వరం చెప్పినట్టు చెప్తుంది.
మేం ప్రతిసారీ బరువు చూస్తాం, బీపీ చూస్తాం,
వేలు పొడిచి ప్రోటీన్ చూస్తాం.
మా తెర మీద ఆ అంకెకి గడి లేదు.

ఆర్గానిక్ కెమిస్ట్రీ రోజుల్లో
బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
ఎనిమిదింటి క్లాసుకి జుట్టులో పిండితో పోయేది,
వెచ్చగా ఉంటుందని వెనక హీటరు పక్కన కూర్చుని
నిద్రపోయేది.
ఆ చలికాలం వాళ్ళింట్లో గ్యాసు కోసేశారు.
క్లాసులో వెచ్చదనం మాత్రం పూర్తిగా వాడుకుంది.

"మార్కులు తగ్గడానికి కారణం వివరించండి."
పదమూడు వందల అక్షరాల గడి.
మెషిను తిరుగుతుంటే కుడిచేత్తో ఫోను పట్టుకుని
నాకు చదివి వినిపించింది.
ఫ్యాక్టరీ తీసేసింది. మళ్ళీ పెట్టింది.
"ఏడుపులా ఉందా?"
"లేదు. బిల్లులా ఉంది" అన్నాను.
నవ్వింది, గొట్టం కదిలింది, తిట్టాను.

సెప్టెంబరులో ఒక్క చోటికి రమ్మన్నారు.
మోచేతి మడతల్లో సూది గుంతలు;
చూసినవాళ్ళు ఇంకేదో అనుకుంటారు.
చావులకి వేసుకునే నా నల్లకోటు ఇచ్చాను.
తెల్లజుట్టాయన ఆ సీ మైనస్ గురించి అడిగాడట.
ఏం చెప్పిందో నాకు చెప్పలేదు.
కోటు తిరిగొచ్చినప్పుడు జేబులో
కాగితపు రుమాల్లో చుట్టిన రెండు బిస్కెట్లు.
"అక్కడ ఊరికే పెట్టారు, నీకోసం తెచ్చా."

తర్వాత ఉత్తరం. కాదనలేదు. ఔననలేదు.
వెయిటింగ్ లిస్ట్.
ఎన్నో నంబరో కూడా రాయలేదు.

మొన్న గురువారం
కుర్చీ ఎక్కకుండా నా కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుంది.
"ఎర్లీన్, షూ లేసులు ఎందుకిలా వదిలేశావు?"
సాక్సు కిందికి జరిపి
మోకాటి కింద ఎముక మీద వేలితో నొక్కి తీసింది,
పిండి పొంగిందో లేదో చూసే పనివాడిలా.
గుంట అలాగే ఉండిపోయింది.
ఇద్దరం దాన్నే చూశాం.
"రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు?"
"మూడు."
ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.
మేడమీద బట్టలుతికే గదికి పోవడం మానేశానని కూడా.
ఎప్పట్నుంచి, అంది. పడుకుంటే ఆయాసమా, అంది.
ఆమె గొంతులో ట్రీనా లేదు కాసేపు.

"రేపు ఆస్పత్రికి వెళ్ళు. రేపంటే రేపే."

ఇన్సూరెన్స్ సంగతి చెప్పబోయాను.
పదమూడు వందల అక్షరాలు పడుతుంది,
ఏడుపులా కూడా ఉంటుంది.
సరేనన్నాను.
సరే డాక్టర్ అనలేదు; ఇంకా కాదు కదా.

చెయ్యి చాపమన్నాను. ఎడమది.
నరం మొదటి పోటుకే దొరికింది.